పెట్రెల్ పక్కన పేరు

పెళ్లై ఇరవై రోజులైంది. గాలివాన తెరిపిచ్చాక, సెవర్న్ నది సముద్రంలో కలిసే చోట గట్టు మీద ఆమె గంతులేస్తోంది. ఆ జిల్లాలో ఎవరికి ఏ పక్షి కనబడినా నిగ్గుతేల్చి రాసిపెట్టే ఆమె భర్త, ఒలికిన టీ తుడుచుకుంటున్నాడు.

"పెట్రెల్‌ని చూశాను!"

"నేను ఫ్లాస్కు మూత తీసేలోపా? గాలివాన తోస్తే తప్ప ఒడ్డుకు రాని సముద్రపక్షి అది. నమ్మను."

"రాసుకో ముందు."

"ఊరికే రాయడానికి లేదు. వివరాలు చెప్పండి మేడమ్."

"మేడమా! సరే, అడగండి సార్."

"ఎంతుంది?"

"గోరింకంత. నల్లగా ఉంది."

"గోరింకే అయ్యుంటుంది."

"గోరింక అలల మీద కాళ్లానించి పరిగెడుతుందా? తోక చీలి ఉంది. నడుం మీద తెల్లమచ్చ, మచ్చ మధ్యలో సన్నటి నల్లగీత."

"గీతా? పుస్తకంలో చూశావు కదూ?"

"నీ పుస్తకాలు నన్నెప్పుడు ముట్టుకోనిచ్చావు?"

"అయితే అది పెట్రెలే. దేవుడా! ఇరవై రెండేళ్లుగా దాని కోసం ఈ గట్టు మీద తడిసింది నేను!"

"పోనీ నీ పేరూ రాసెయ్. పక్కనే ఉన్నావుగా."

"చూడనిది చూశానని రాస్తే, ఇంకెవరి అబద్ధం కొట్టెయ్యను? పేరు చెప్పండి."

"నీకు తెలీదూ?"

"నాకు తెలుసు. ఫారానికి తెలీదు."

పెళ్లితో వచ్చిన అతని ఇంటిపేరు చివర చేర్చి తన పేరు ఆమె తొలిసారి పలికింది.

"హెటీ వెస్ట్‌కాట్."

అతను రాసి, ఆ కాగితం వంకే చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది?"

"పెట్రెల్ పక్కన వెస్ట్‌కాట్ అని చూసుకోవాలని చిన్నప్పటి నుంచీ మొక్కుకున్నాను. ఏ వెస్ట్‌కాటో చెప్పడం మర్చిపోయాను."