మునీరు హంబరు కారు ధర

ఏంటమ్మా హిమజా, మీ తాతగారి ఫియట్ కారు ఎంత చేస్తుందంటావా? నన్నడగమన్నాడా మీ నాన్న? ఏలూరులో ఇంతమంది మెకానిక్కులుండగా, బ్యాటరీల కొట్టు మూసేసి పదేళ్ళయిన నా దగ్గరికి పంపించాడంటే, మీ నాన్న నరేంద్ర చిన్నప్పుడెలా ఉన్నాడో ఇప్పుడూ అలాగే ఉన్నాడన్నమాట. పదో తరగతి లెక్కల పరీక్షకి తెలుగు పుస్తకం చదువుకుని వెళ్ళినవాడు వాడు. కూర్చో. ఆ కుర్చీ వద్దమ్మా, దానికో కాలు పొట్టి. మా జగదాంబ దాన్ని ఎక్కువసేపు కూర్చునే చుట్టాల కోసం ఉంచింది. ఇలా మంచం మీద కూర్చో. నీ కారు సంగతికి ముందు ఓ చిన్న కథ చెప్తాను. ఎంతసేపులే, లోపల మీ మామ్మ కాఫీ కలిపి తెచ్చేలోపు అయిపోతుంది.

మునీరని ఉండేవాడు. నీకు తెలీదు, నువ్వప్పటికి పలక మీద అఆలు దిద్దుతున్నావేమో. పవర్‌పేట స్టేషను రోడ్డులో నా కొట్టు పక్క గది వాడిది. కార్లకీ జీపులకీ సీటు కవర్లు కుట్టేవాడు. గదంటే ఎంతనుకున్నావు, కుట్టు మిషను లోపల ఉంటే మునీరు బయట, మునీరు లోపల ఉంటే కస్టమరు బయట. వాళ్ళ నాన్న కూడా ఆ గదిలోనే కుట్టాడు, అరవైల నుంచీ. వాళ్ళ నాన్న దగ్గర ఓ పద్ధతుండేది. పాత కవరు ఎంత చిరిగినా సరే, పీకడు. దాని మీదే కొత్తది కుట్టేస్తాడు. అడుగున ఉన్నది ఇంకోడి చేతి పని, దాన్ని పీకే హక్కు మనకి లేదు అనేవాడట. మునీరూ అంతే. ఇరవై ఏళ్ళు వాడిన అంబాసిడరుకి ఐదు కవర్లు, ఒకదాని మీద ఒకటి. నేననేవాణ్ణి, "ఒరే మునీరూ, నీ వల్ల ఈ ఊళ్ళో కార్లన్నిటికీ ఒళ్ళొచ్చేసిందిరా, మనుషులు ఎక్కితే తలకాయలు టాపుకి తగులుతున్నాయి" అని. నవ్వేవాడు. కోపం తెలీదు వాడికి. అదే వాడితో వచ్చిన చిక్కు. కోప్పడితే మనకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఏం చెప్తున్నాను... ఆఁ, కారు. వాళ్ళ మేనమామ రహమాన్ అని, తాడేపల్లిగూడెంలో రైసు మిల్లువాళ్ళ దగ్గర డ్రైవరు చేశాడు. ఆ మిల్లాయనకి హంబరు కారుండేది, నలభై ఏడు మోడలు. దొరలు ఎక్కే కారు. మిల్లు మూతపడ్డప్పుడు ఆయన పిల్లలెవరికీ ఆ కారక్కర్లేకపోయింది. పెట్రోలు తాగుతుందని. రహమాన్‌నే ఉంచుకోమని కాగితాలతో సహా రాసిచ్చేశారు. రహమాన్‌కి పిల్లల్లేరు. ఆయన పోతూ మేనల్లుడి పేర పెట్టాడు. అలా ఆ కారు గూడెం నుంచి ఏలూరొచ్చింది. వచ్చిందంటే నడిచి కాదులే, ట్రాక్టరు కట్టి లాక్కొచ్చారు. ముందు ట్రాక్టరు, వెనకాల హంబరు, అందులో స్టీరింగు పట్టుకుని మునీరు. తెల్లచొక్కా వేసుకున్నాడు ఆరోజు. పెళ్ళికొడుకులా ఉన్నావురా అన్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టుకున్నాడు. ఆ సీట్లకి కూడా మూడు కవర్లుండేవి. అడుగుది వాళ్ళ నాన్న కుట్టిందే, మిల్లువాళ్ళ కాలంలో. దాని మీదది మునీరు పదిహేనేళ్ళప్పుడు కుట్టింది, వాడి మొదటి పని. పైది ఆకుపచ్చ రెక్సిను.

ఇక రాజరత్నం సంగతి. మా రెండు గదుల సొంతదారు. తన కొట్లో ఫ్యాను ఉందిగానీ, వచ్చినవాడి చొక్కా తడిస్తేనే స్విచ్చి వేసేవాడు. ఆయన రెండువేల నాలుగులో, ఉన్నట్టుండి, మునీరు గది అమ్మేస్తానన్నాడు. సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుంటామని ఎవరో వచ్చారట. మూడు లక్షలు. "నీకు ముందు చెప్తున్నాను మునీరూ, నువ్వు కొనుక్కుంటే నీకే. లేకపోతే ఖాళీ చెయ్యాలి" అన్నాడు. మంచిగానే చెప్పాడు, పాపం. ఆయన ఏది చెప్పినా మంచిగానే చెప్తాడు. మునీరు మూడు లక్షలు కాదు కదా, ముప్పై వేలు కూడా ఒక్కచోట చూసినవాడు కాదు. ఆ గది పోతే వాడికి ఊళ్ళో ఇంకో పని రాదు. నలభై ఏళ్ళుగా కార్లవాళ్ళు ఆ గుమ్మం ముందే ఆపడం అలవాటు. గుమ్మం మారితే మనిషిని మర్చిపోతారు.

అప్పుడే నేను ఓ పని చేశాను. చేశానంటే, నోటితోనే. వెంకటనరసమ్మ టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఉండి ఊరి నుంచి అబ్బాయిరాజుగారు వచ్చారు, చేపల చెరువులాయన. ఆయన ప్రపంచంలో దేన్నైనా చేపల్లోనే లెక్కేస్తాడు. కూతురి పెళ్ళి ఎంతయిందండీ అంటే నాలుగు లారీలు అంటాడు. ఆయనే అడిగాడు, "మునీరు షెడ్డులో ఉన్న ఆ పాత కారు ఎంత చేస్తుందండీ కామరాజుగారూ?" అని. నాకేం తెలుసు? ఎదురుగా బల్ల మీద ప్లేటు ఉంది, అందులో ఎనిమిది టీ గ్లాసులున్నాయి. "ఎనిమిది లక్షలండీ. మొన్న పేపర్లో వచ్చింది" అన్నాను. నేను నవ్వను కదమ్మా, నా మొహమే అంత. మా పెళ్ళి ఫొటోలో చూశావుగా. అబ్బాయిరాజుగారు కాసేపు ఆలోచించి, "అంటే పదకొండు లారీలు" అన్నారు. వెంకటనరసమ్మ గ్లాసులు కడుగుతూ, "ఎనిమిది లక్షలెట్టి అది కొనేబదులు, అందులో కోళ్ళనెట్టుకుంటే గుడ్లన్నా వస్తాయి" అంది. అందరూ నవ్వారు. నేను తప్ప.

సాయంత్రానికి ఊరంతా పాకిపోయింది. మర్నాడు మునీరు వచ్చాడు, చేతులకి సుద్దముక్క పొడితో. "కామరాజుగారండీ, పేపర్లో వచ్చిందాండీ?" అన్నాడు. అక్కడే చెప్పేయాల్సింది. కానీ ఆ మొహం చూసేసరికి... సరే, రెండు రోజులు సంతోషపడనీ, తర్వాత చెబుదాం అనుకున్నాను. రెండు రోజుల్లో రాజరత్నం దాకా వెళ్ళింది. ఆయన సెల్‌ఫోన్లవాళ్ళని ఆరు నెలలు ఆగమన్నాడు. మునీరుకి ఓ కుర్చీ వేసి, ఫ్యాను కూడా వేశాడట! ఆయన ఫ్యాను వేశాడంటే ఇంక నేనెలా చెప్పను? మునీరు గది గోడలకి కొలతలు తీశాడు. ఈ గోడ ఇటు జరిపితే రెండో మిషను పడుతుందండీ అని నాకు చూపించాడు. నేను టేపు రెండో కొస పట్టుకున్నాను కూడా.

ఆ కబురు అలా అలా బెజవాడ దాకా వెళ్ళింది. నల్లకళ్ళద్దాలాయన ఒకడొచ్చాడు, పాతకార్లు కొనే వ్యాపారం. నేనూ వెళ్ళాను షెడ్డుకి. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు, గుళ్ళో తిరిగినట్టు. "ఇంజను పట్టేసింది. రేకుని తుప్పు తినేసింది. సీట్లు చూడండి, రెక్సిను. అసలు తోలు సీట్లుంటే లెక్క వేరు" అన్నాడు. మునీరు మెల్లిగా, "లోపల అంతా అలాగే ఉందండీ" అన్నాడు. "అయితే విప్పి చూపించు" అన్నాడాయన. మునీరు తల అడ్డంగా ఊపాడు. "అడుగున మా నాన్న కుట్టండీ. అది నా చేత్తో నేను విప్పనండీ." నాకు ఒళ్ళు మండింది. ఏముందిరా ఆ కుట్టులో అనుకున్నాను. ఆ కళ్ళద్దాలాయన ఏం చేశాడంటే, వెనక సీటు మూల చిన్న చిరుగుంటే, అందులోకి వేలు లోతుగా దూర్చి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన చూశాడు. మన ఏలూరు కదా, చేపల లారీలు తిరిగే ఊరు, కంపు కొడుతోందేమో అనుకున్నాను. చూశావా, బ్యాటరీలమ్ముకునేవాడి తెలివి ఎంతవరకో. ఆయన మాత్రం వేలు జేబురుమాలుతో తుడుచుకుని, "అరవై వేలిస్తా" అన్నాడు.

మునీరు ఇవ్వనన్నాడు. పేపర్లో ఎనిమిది లక్షలని వచ్చిందండీ అన్నాడు. ఆయన నా వైపు చూశాడు, నేను షెడ్డు రేకుల వైపు చూశాను. నెలకి మళ్ళీ వచ్చాడు. మునీరు మళ్ళీ ఇవ్వనన్నాడు. మూడోసారి డెబ్భై దాకా వచ్చి, ఆదివారం దాకా చూస్తాను, ఆ తర్వాత రానన్నాడు. అప్పటికి రాజరత్నం పెట్టిన ఆరు నెలల్లో పది రోజులే మిగిలాయి. ఆ గురువారం మునీరు భార్య సాబిరా మా ఇంటికొచ్చింది. ఇదిగో ఈ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. "అన్నయ్యగారూ, మీరు చెబితే ఆయన వింటారు. నాకొక్కటే చెప్పండి. ఎనిమిది లక్షలన్నది నిజమేనాండీ? నిజమైతే ఇంకో ఏడాదైనా పస్తుండి ఆగుతాం" అంది. నా జీవితంలో నేను చాలామందికి చాలా చెప్పాను. మీ తాతకి చెప్పినవి నీకు చెబితే ఇప్పుడే లేచి వెళ్ళిపోతావు. కానీ ఆవిడ పస్తుంటాం అన్నాక ఇంకో అబద్ధం ఆడలేక లేచాను.

చెప్పులేసుకుని తిన్నగా మునీరు గదికెళ్ళాను. మిషను తొక్కుతున్నాడు. ఆపరా అన్నాను. "మునీరూ, ఆ ఎనిమిది లక్షలు నేను పుట్టించిన మాట. వెంకటనరసమ్మ ప్లేటులో ఎనిమిది గ్లాసులుంటే చూసి అన్నాను. ఏ పేపర్లోనూ రాలేదు. నువ్వు రెక్సిను కుట్టిన డొక్కు కారుకి డెబ్భై వేలిస్తానంటున్నాడు, మూసుకుని తీసుకో" అన్నాను. మునీరు సూది కేసి చూశాడు. "పేపర్లో రాలేదాండీ?" అన్నాడు. లేదురా అన్నాను. "మరి లోపల అంతా అలాగే ఉంది కదండీ" అన్నాడు. లోపలేముంటే ఎవడిక్కావాలిరా అన్నాను. నమ్మాడమ్మా. అబద్ధం చెప్పినప్పుడు ఎలా నమ్మాడో, నిజం చెప్పినప్పుడూ అలాగే నమ్మాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. ఆరు నెలల్లో అదే మొదటిసారి. మంచి పని చేశాననుకున్నాను.

ఆదివారం లారీ తెచ్చి కారు ఎక్కించుకుపోయారు. పది రోజులకి గది ఖాళీ చేశాడు. రాజరత్నం ఫ్యాను కట్టేశాడు. ఆ డెబ్భై వేలతో మునీరు ఇంకో వీధిలో గది అద్దెకి తీసుకున్నాడుగానీ, చెప్పానుగా, గుమ్మం మారింది, మనుషులు రాలేదు. ఏడాది తిరక్కుండా అదీ మూసేసి, మిషను సైకిలుకి కట్టుకుని మండవల్లి వెళ్ళేవాడు, చేపల లారీలకి టార్పాలిన్లు కుట్టడానికి. ఎండలో, చెరువు గట్టు మీద కూర్చుని. తోలూ వెల్వెట్టూ కుట్టిన చేతులవి, టార్పాలిన్ కుట్టేసరికి వేళ్ళు పగిలిపోయాయి. ఆ పనన్నా నిలిచిందా, రెండువేల ఆరులో, సరస్సు ఆక్రమించారని గవర్నమెంటువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. లారీలు తగ్గిపోయాయి. అబ్బాయిరాజుగారు కూడా చేపల్లో లెక్కలు చెప్పడం మానేశారు. మునీరు రెండువేల ఎనిమిదిలో పోయాడు. జ్వరమన్నారు. సాబిరా పెదపాడులో వాళ్ళ తమ్ముడి దగ్గరికెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు చూడ్డానికి. బస్సు ఉంది, అరగంటే. వెళ్ళలేదు.

నువ్వు కారు ధర అడిగావు కదూ. అదే చెప్తున్నాను. వాడు పోయే ముందటేడు, ఓ పొద్దున్న సైకిలేసుకుని నా కొట్టుకొచ్చాడు. చేతిలో పేపరు, నాలుగు మడతలు పెట్టి. నా బల్ల మీద విప్పి, మడతలు అరచేత్తో సాపు చేశాడు, గుడ్డ సాపు చేసినట్టు. హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనట. ఫొటో ఉంది. హంబరు, అదే నంబరు. తలుపు తీసిపెట్టి ఉంది, లోపల ఎర్రతోలు సీట్లు, నిన్న కుట్టినట్టున్నాయి. మూడు కవర్లూ విప్పేశారు. అరవై ఏళ్ళయినా అసలు సీట్లు చెక్కుచెదరకుండా ఉన్నందువల్ల ఆ ధర పలికిందని కింద రాశారు. నేను చదువుతుంటే మునీరు పక్కనే నిలబడ్డాడు. వాడి మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నా మాట నిలబడిందని సంతోషపడ్డాడనుకుంటాను.

"కామరాజుగారండీ, మీరన్నట్టే పేపర్లో వచ్చిందండీ. ఎనిమిది లక్షలేనండీ" అన్నాడు.

కాఫీ ఎప్పుడో పెట్టి వెళ్ళింది మీ మామ్మ, చూసుకోలేదు. తాగమ్మా, మీగడ కట్టేసింది.