ఏకశరీరం

సిడ్నీలో ఆ ఆదివారం ఆరాధన ముగియగానే, చర్చి బయట కారు దగ్గర ఆమె మొగుణ్ణి నిలదీసింది.

"హీటర్ కంపెనీని క్షమించేశామని లోపల సాక్ష్యం చెప్పారు. మరి మన కేసు?"

"నీ పేరు తీసేయమని కోర్టుకి రాసి పంపేశాను. విశ్వాసులు కోర్టుకెక్కకూడదన్నారుగా పాస్టర్‌గారు."

"కొత్త చట్టం ప్రకారం ఆ హీటర్లు పేలి కాలినవాళ్లంతా, ఎవరూ అడక్కుండానే ఒకే కేసులో ఉన్నారు. మీరు ఊరికే కూర్చుంటే చాలు కదండీ!"

"ఎలా కూర్చోమంటావ్? అందరూ ఆమెన్ అన్నారు, విన్నావుగా!"

"నా సంతకం ఎవరు పెట్టారు?"

"నేనే. భార్యాభర్తలం ఏకశరీరం కదా."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చేతి గ్లౌజు లాగేసి, హీటర్ మంటకి ముడుచుకుపోయిన వేళ్లని అతని మొహం ముందు పెట్టింది.

"అయితే ఈ చేత్తో కారు తలుపు తియ్యండి, చూస్తాను."