ఫెటానా, హలూమీనా

పరాయి దేశంలో తాము స్థిరపడ్డ గంగాలిన్ ఊరి ఆదివారం సంతలో, చీజ్ కొట్టు ముందు భర్త ఆగిపోయాడు. భార్య చెయ్యి పట్టుకు లాగింది.

“సాల్ట్ పూర్తిగా మానకపోతే డయాలసిస్సేనని డాక్టర్ నిన్ననేగా చెప్పింది!”

“చూస్తున్నానంతేనోయ్. ఆ ఫెటా చీజ్ గుర్తుందా? మన మొదటి ఇంటి ఓనరు, గ్రీకు ఆంటీ, ఉప్పునీళ్ళతో సహా డబ్బాలో పోసిచ్చేది.”

“ఆవకాయ దొరక్క, పప్పన్నంలో అదే నంజుకునేవాళ్ళం. అయినా చీజుల్లో నా ఓటు హలూమీకే. పెనం మీద ఎర్రగా కాల్చి, పైన కాస్త కారం చల్లి...”

“ఫెటా ముందు అదెంత! సరే, కొట్టతను హలూమీ ముక్క రుచి చూడమంటున్నాడు. నా బదులు నువ్వు తిని, ఎలా ఉందో చెప్పు.”

“ఊఁ... చప్పగా ఉందండీ. అప్పటి రుచే లేదు.”

“అందుకేనా, కళ్ళు మూసుకుని నమిలావు?”