ఆఖరి ఇరవై నిమిషాలు

వెర్రిబీ ఊళ్లో ఆదివారం పొద్దున. టిఫిన్లయ్యాక టీవీ ముందు ఇద్దరే ఉన్నారు: డాక్టరుగా రిటైరైన భానుప్రసాద్, ఆయన భార్య భ్రమరాంబ.

"ఇప్పుడెందుకండీ అది! మీ ఫ్రెండు అచ్యుత్ వాళ్లింటికి బార్బీ విందుకి వెళ్లాలి కదా, లేవండి."

"బార్బీ అర్వోలో కదా, మధ్యాహ్నం ఎప్పుడో. ఇంకా పది కూడా కాలేదు. కూర్చో భ్రమరా."

"బట్టలు ఆరెయ్యాలి."

"బయట వాన."

"అందుకే, గరాజ్‌లో ఆరేస్తాను."

"ముప్పై ఏడేళ్లు! 'నా సినిమా టేపు మీద మీ క్రికెట్ రికార్డు చేసేశారు, నాకు ఆఖరు దక్కకుండా చేశారు' అని ముప్పై ఏడేళ్లు దెప్పావు. నిన్న ఆప్ షాపులో, అదే పాత సామాన్ల కొట్టులో, పుస్తకాల కింద ఈ డీవీడీ కనబడితే వెంటనే కొనేశాను. అదే సినిమా! అదే హాలీవుడ్డు, అదే నలుపు తెలుపు, అదే హీరోయిన్, అదే టోపీ."

"వేరేది అయ్యుంటుంది. అప్పట్లో అందరూ ఆ టోపీలే."

"ఓడ కెప్టెనూ, పియానో మాస్టారూ ఒకమ్మాయినే ప్రేమిస్తారు. కాదా?"

"అలాంటివి బోలెడు."

"బోలెడు కాదు, ఇదొక్కటే. ఈ దేశం వచ్చిన కొత్తలో ఫుట్‌స్క్రే ఫ్లాట్‌లో టీవీలో వస్తుంటే నువ్వు టేపు మీద ఎక్కించుకున్నావు. నేను చెరిపేశాను. ఆ పాపానికేగా ప్రతి ఆదివారం టిఫిను నేనే చేస్తున్నాను! నైట్ డ్యూటీ చేసొచ్చి చేశాను. చెయ్యి విరిగితే ఒంటి చేత్తో చేశాను."

"ఒంటి చేత్తో చేసింది ఉప్మాయేగా. అదేం కష్టం."

"సరే, ఉప్మాయే. ఇవాళ నీకు ఆఖరు చూపించేస్తాను."

"చూసేస్తే మరి... వచ్చే ఆదివారం టిఫినో?"

"ముందు సినిమా చూడు. ఆఖరి ఇరవై నిమిషాలకి పోనిచ్చాను. అదుగో, చర్చిలో పెళ్లి. కెప్టెను ఉంగరం తీస్తున్నాడు. అయిపోయింది, పియానో మాస్టారి పని అయిపోయింది!"

"ఏం అవదు. ఇప్పుడు మేక వస్తుంది."

"ఏంటీ?"

"ఏం లేదు."

"చర్చిలోకి మేకేంటి... అరె! వచ్చింది! మేక వచ్చింది! పెళ్లికూతురి పూలు తినేస్తోంది! నీకెలా తెలుసు?"

"పల్లెటూరి చర్చి కదా, మేకలుంటాయి. అంచనా."

"అయితే ఇంకో అంచనా వెయ్యి. ఇప్పుడేమవుతుంది?"

"నాకేం తెలుసు! ఆ మేక వెనకే పియానో మాస్టారు పరిగెత్తుకొచ్చి కెప్టెను మీద పడతాడు, ఫాదరు విగ్గు ఊడిపోతుంది... అయినా నాకేం తెలుసు!"

"భ్రమరా. విగ్గు ఊడింది."

"ఊ."

"భ్రమరా!"

"అరవకండి, చెప్తాను. మీ క్రికెట్ ఎక్కింది వేరే టేపు మీద. నా సినిమాకేం కాలేదు."

"ఏం కాలేదా!"

"ముందు నాకూ తెలీదండీ, ఒట్టు! నిజంగానే చెరిపేశారనుకుని ఏడ్చాను. మీరు హడలిపోయి ఆ ఆదివారం పెసరట్టు వేశారు. సోమవారం చూస్తే టేపులో సినిమా సుబ్బరంగా ఉంది. చెబుదామనే అనుకున్నాను. కానీ ఆ పెసరట్టు... అంచులు కరకరలాడుతూ... ఇంకొక్క ఆదివారం చూసి చెబుదాంలే అనుకున్నాను."

"ఇంకొక్క ఆదివారం!"

"ఈలోగా పిల్లలు పుట్టారు, పెద్ద చదువులకి యూనికెళ్లారు, పెళ్లిళ్లయ్యాయి. మధ్యలో ఎక్కడ చెప్పనండీ?"

"టేపు ఏం చేశావు?"

"కేరమ్ డౌన్స్ గుడి ఉత్సవం అని పేరు రాసి పూజ సామాన్ల పెట్టెలో పెట్టాను. మీరు అటు రారని. తప్పయిపోయింది. తిట్టండి. ముప్పై ఏడేళ్లవీ కలిపి ఒకేసారి తిట్టెయ్యండి."

"తిట్టను. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"తొంభై ఆరులో ఈ ఇంటికి మారినప్పుడు దొరికింది. గుడి ఉత్సవం కదా అని చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. మేక వచ్చింది."

"హవ్వ! మరి ఇందాక దాన్ని చూసి అంతెత్తు ఎగిరారేం?"

"ఆ మేకని ఎప్పుడు చూసినా నాకలాగే ఉంటుంది. మన వీసీఆర్ పాడై పదిహేనేళ్లాయె. మళ్లీ చూడాలనిపించింది."

"నన్ను ఇంతసేపు ఏడిపించడానికి కాదూ? సరే, అది పోనీండి. తొంభై ఆరు నించీ తెలిసి కూడా నోరు మెదపకుండా గరిటె తిప్పారా! ఎందుకండీ?"

"వద్దులే, బాధపడతావు."

"పడను."

"పడతావు."

"పడనంటుంటే! చెప్పండి."

"నిజం బయటపెడితే ఆదివారం కూడా నీ వంటే తినాల్సొస్తుందని భయమేసింది."