పేరు చెప్పు చెల్లె

హలో… ఆ, నేనే. సూర్యాపేట నూనె మిల్లు. బుచ్చయ్యనే మాట్లాడుతున్న.

ఎవరు?… మత్తయ్యనా. ఏ మత్తయ్య?… అనంతగిరి బడిల నా పక్కన కూసున్న మత్తయ్యనా, పట్నంల కండ్ల డాక్టరు మత్తయ్యనా?… ఇద్దరు ఒక్కలే అంటవ్. సరే. నువ్వే అంటున్నవ్ గాబట్టి ఒప్పుకుంటున్న.

జర గట్టిగ మాట్లాడు. ఈడ ఇంజను నడుస్తున్నది… ఇంక గట్టిగ… ఆ, గట్ల. ఇప్పుడు ఇనపడుతున్నది.

బావా అంటున్నవ్. మంచిది. నా పెండ్లాం సచ్చిపోయి ఏడాది దాటింది. అప్పుడు రాని బావ ఇయ్యాల ఫోను తారు మీద వచ్చిండు.

…

తెల్వదనకు. కోదాడల మీ అన్నకు నేనే చెప్పి పంపిన. ఆయన నీకు చెప్పిన్నని గూడ అన్నడు…

పనులా. ఉంటయి. పెద్ద మనిషివి. మొదలు వెలుగు మీద సదివినవ్, ఫిజిక్సు అంటరట దాన్ని. విలాయత్ పోయి అద్దాలల్ల వెలుతురు ఎట్ల వంగుతదో రాసినవ్. ఆడికెల్లి కండ్ల మీద వడ్డవ్. ఎన్ని రాతలు రాసినవ్ ఇప్పటిదాంక?… నూరు దాటినయా. నూట ముప్పయా. శాబాష్. బడిల ఎక్కం రాయమంటే నా పలక సూసి రాస్తుంటివి.

…

నవ్వుతున్నవా. నవ్వు.

…

ఆ, యాదికున్నది. పంతులుగారి కండ్లద్దాలు తీసి ఎండకు పట్టినవ్. ఎండుగడ్డి అంటుకున్నది. నా దోతి అంచు గూడ కాలింది. మా నాయన నన్ను కొట్టిండు, నిన్ను మెచ్చుకున్నడు, పోరడు తెలివిగల్లోడు అని… అప్పుడే తెల్వాలె నాకు. నీకు తెలివొచ్చినప్పుడల్లా కాలేది నాదేనని.

…

సరే, ముచ్చట్లు బందు జెయ్యి. ఎందుకు ఫోను జేసినవ్?

…

ఇంజను సప్పుడు. మళ్ల చెప్పు… పట్నంల కొత్త కండ్ల దవాఖాన. దానికి నిన్ను పెద్దను చేస్తరు. బాగున్నది… మరి అడ్డమేంది?… కమిటీ. కమిటీల ఒక సాబు. నీ రాతల మీద ఆయనకు అనుమానం… అన్నిటి మీద గాదు. ఒక్కదాని మీద. మిర్యాలగూడ సత్రంల చూసిన ఆడమనిషి మీద.

నా పెండ్లాం మీద అను.

…

రేపు సూర్యాపేటకు వస్తడా. నన్ను అడుగుతడా. ఏమని చెప్పాలె నేను?… గట్టిగ చెప్పు మత్తయ్యా… "ఎడమ కన్ను మొదటి సందే కనపడకుండె." గంతేనా?… "పుట్టిన కాడికెల్లి" అని గూడ అనాల్నా. అంటే మంచిగుంటదా.

నీ మాట గూడ మారింది సూడు. "ఉంటుంది, అవుతుంది" అంటున్నవ్. అనంతగిరిల ఉంటదే ఉండె, అయితదే అయితుండె.

సరే, ఒక మాట అడుగుత. నిజంగ కనపడకుండెనా ఆ కన్ను?… నువ్వు ఏం రాసినవో అడుగుతలే. నీ మనసుల మాట చెప్పు. మనిద్దరమే గద… ఆ… ఆ… అనుమానం వచ్చింది. ఎప్పుడు?… కట్టు విప్పిన నాడే. ఇంకోసారి చెప్పు, సప్పుడుల పోయింది… కట్టు విప్పిన నాడే అనుమానం వచ్చింది, కన్ను మంచిదే ఉండెనేమో అని. గని రాత విలాయత్ పోనిచ్చినవ్. వెనుకకు తీసుకుంటే ఉన్న పేరు పోతది.

ఇనపడ్డది. మంచిగ ఇనపడ్డది.

…

కోపం లేదు. నువ్వు చెప్పినవ్ గద, ఇగ నేను చెప్త. నడుమ మాట్లాడకు.

ఆమెకు కుడి కంట్లె పొర వచ్చింది. ఎడమ కన్ను అద్దం లెక్క ఉండె. మేముంటున్న మాడుగులపల్లికెల్లి ఎడ్ల బండి కట్టుకోని మిర్యాలగూడ తీసుకొచ్చిన. మనోడు పెద్ద డాక్టరయిండు, కోదాడ మోటరు స్టాండు కాడ దండలేసిన్రు, మనకు భయమేంది అని. నువ్వు ఆమెను చెల్లె అన్నవ్. నా గుండె ఉప్పొంగింది.

నన్ను గోడకు నిలబెట్టినవ్. మాట్లాడొద్దన్నవ్. ఆమె కుడి కన్ను మూసినవ్. ఏమడిగినవ్ యాదికున్నదా?…

లేదు. నేను చెప్త. "గాడ నిలబడ్డది ఎవరు? పేరు చెప్పు చెల్లె" అన్నవ్.

ఆమె చెప్పలే. మళ్ల అడిగినవ్. తల దించుకున్నది. మళ్ల అడిగితే కొంగు నోటికి పెట్టుకోని నవ్వింది. నువ్వు కాగితం మీద గీకినవ్, ఈ కన్ను చూస్తలేదని. నేను గూడ అట్లనే అనుకున్న. గోడకు నిలబడి, దీనికి నేను కనపడుతలేనా అని దాని దిక్కే సూసిన.

అటెన్క నన్ను బయటికి పంపి నీ కంపోండరు కిష్ట్యాను నిలబెట్టినవ్. ఎడమ కన్ను మూసినవ్. "కిష్ట్యన్న" అన్నది. పొర కంటితోని సూసి గాదు. ఆయనకు దగ్గు. సత్రమంత ఇనపడే దగ్గు.

…

అడ్డం రాకన్న గద.

తేటగున్న కన్ను చూస్తలేదు, పొరున్న కన్ను చూస్తున్నది. నీ ముఖం ఎట్ల ఎలిగిందో నేను సూసిన. ఇసొంటి కన్ను కోసం ఏండ్ల సంది ఎతుకుతున్న అన్నవ్. లోపల దాగిన రోగం అన్నవ్. "ఈ కన్ను మంచిగనే ఉన్నదయ్యా, ఆ కన్ను సూడు" అని ఆమె చెప్పింది నీకు. నువ్వేమన్నవ్? "నీకు తెల్వదు చెల్లె, మనిషి మనసు మాయ చేస్తది, పరీక్ష అబద్ధమాడది" అన్నవ్.

అద్దం మీద అద్దం పెట్టి మిట్టమధ్యాహ్నం ఎండను ఆ మంచి కంట్లెకు దింపి కట్టు కట్టినవ్.

…

లేదు. ఉన్న. ఫోను పెట్టలే.

కట్టు విప్పినంక నన్ను సూసి ఏమన్నదో ఎరికేనా? "నీ చుట్టు గోడ కనపడుతున్నది, తలకాయ మీద రుమాలు కనపడుతున్నది, నీ ముఖమున్న కాడ నల్లగున్నది" అన్నది. నువ్వు పక్కనే ఉన్నవ్. గోడ కనపడుతున్నదట, రుమాలు కనపడుతున్నదట, గుడ్డి కన్నుకు చూపొచ్చింది అని రాసుకున్నవ్. గదే విలాయత్ పత్రికకు పంపినవ్.

…

ఇంటికి పోయినంక అడిగిన. సత్రంల నన్ను ఎందుకు గుర్తు వట్టలేదే అని. నా దిక్కు పిచ్చోన్ని సూసినట్టు సూసింది. "కనపడుతున్నడా అంటే కనపడుతున్నడు అందును. పేరు చెప్పుమన్నడు. మొగని పేరు అందరి ముంగట ఎట్ల చెప్త?" అన్నది.

…

గంతే మత్తయ్యా. కనపడక గాదు.

…

మత్తయ్యా. ఉన్నవా?… ఉన్నవ్. ఊపిరి ఇనపడుతున్నది.

నువ్వు ఏ దేశంల పుట్టినవ్? అనంతగిరిల గాదా? మీ అమ్మ దేవమ్మత్త మీ నాయన పేరు ఎన్నడన్న పలికిందా? పట్వారి అడిగితే సందమామను సూపెడుతుండె. పగటి పూట అడిగితే చీకటి పడ్డంక రమ్మంటుండె. ఊరంత నవ్వుతుంటిమి. నువ్వు గూడ నవ్వినవ్. చంద్రయ్య కొడుకువి, నీకు తెల్వదా?

విలాయత్ల ఆడోళ్లు మొగన్ని పేరు పెట్టి పిలుస్తరట. అది నేర్సుకోని ఇది మర్సినవ్. సూర్యుని వెలుగు ఎంత దూరంకెల్లి వస్తదో చెప్తవ్. ఆడమనిషి తల దించుకుంటే ఎందుకు దించుకున్నదో తెల్వదు నీకు.

…

ఏడుస్తున్నవా? మంచిది. కండ్లు ఉన్నయి గద, ఏడువు.

…

ఆమె ఎట్ల సచ్చిపోయిందా. చెప్త, ఇను. పొర కన్ను ఎట్లాగు పోయింది. నిరుడు గడబిడల దినాలల్ల ఊరి మీదికి తుపాకులొచ్చినయి. నేను సూర్యాపేట బజారుల ఉన్న. ఊరంత చేండ్లు సెల్కలకు వడి ఉరికింది. మా పక్కింటి కొమురమ్మ చెయ్యి గుంజిందట. నడుమ చెయ్యి జారింది. అందరు ఉరికిన దిక్కు ఆమె గూడ ఉరుకుదామని చూసింది. ఎదురుంగ ఏమున్నదో నడుమల నల్లగుంటది గద. తుపాకుల దిక్కే పోయింది.

గాడనే పడ్డది.

…

వద్దు. యేసు పేరు తియ్యకు. నీ నోట్లెకెల్లి వద్దు.

…

ఆ, నువ్వడిగిన సంగతి. మర్చిపోలే. రేపు ఆ సాబు వస్తే ఏం చెప్తనంటవ్.

ఆయన రేపు రాడు. పొద్దుగాలనే వచ్చిండు. చాయ తాగిండు. నా పక్కనే కుర్చీల కూసున్నడు. ఈ ఫోను గొట్టం ఇద్దరి చెవులకు నడుమ పెట్టుకోని కూసున్నం.

…

ఇంజనా? ఇంజను పట్టా మొన్ననే తెగింది. మిల్లు బందున్నది. ఆకు రాలితే ఇనపడుతది ఈడ. నువ్వే ఒర్రినవ్, సాబు జేబుల కలం తీసి రాసుకున్నడు. కట్టు విప్పిన నాడే అన్నవ్ సూడు, ఆ మాట కింద గీత కొట్టిండు.

…

మోసమా. పరీక్ష పెట్టిన. పరీక్ష అబద్ధమాడది గద.

…

ఫోను ఆయనకు ఇయ్యాల్నా? ఇయ్య. ఆయన నీతోని మాట్లాడ అంటున్నడు. చెయ్యి ఊపుతున్నడు.

…

ఏంది?… ఇంకేంది?… పేరా.

ఆమె పేరు. ఎందుకు?… ఉన్నదున్నట్టు మళ్ల రాస్తవా. తప్పు ఒప్పుకుంట అంటవ్. ఆమె పేరు పెట్టి, అందరికి తెలిసేటట్టు, గౌరవంగ.

నీకు పేరే తెల్వదు.

చెల్లె అన్నవ్. కన్ను అన్నవ్. మిర్యాలగూడ ఆడమనిషి అన్నవ్. నా పేరు చెప్పుమని అంతసేపు అడిగినవ్, ఆమె పేరు ఒక్కపారి అడగలే. ఇప్పుడు అడుగుతున్నవ్. ఎందుకు? ఇది గూడ రాస్తే నూట ముప్పయి ఒకటి అయితది.

…

బతిలాడకు. సాబుకు చెప్పిన పేరు. రాసుకోవద్దని చెప్పి చెప్పిన. ఆయన రాసుకోలే.

నీకు చెప్ప. నువ్వు ఎంత అడిగినా నా పేరు ఆమె చెప్పలే. ఆమె పేరు నేను చెప్ప. నువ్వు ఏమన్న రాసుకో. ఆ పేరున్న కాడ నీకు నల్లగనే ఉండాలె.

…

ఎవరు?… ఆ, ఫోను ఎక్స్ఛేంజి సాబ్. చెప్పున్రి… టైమయిందా… పెంచమంటున్నడా ఆయన.

వద్దు సాబ్. లైను తియ్యున్రి.