బాబాయి నాడి

ఆదివారం సాయంత్రం ఆరుంబావు. ప్రార్థన ముగించుకుని నేను వరండాలోకి వచ్చేసరికి మా మరిది కోతలు మొదలెట్టేశాడు. మర్నాడు మా అమ్మాయికి యూనివర్సిటీలో ఫిజియాలజీ ప్రాక్టికల్ పరీక్ష. ఒకరి వేలు గుచ్చి, నెత్తురు చుక్క తీసి, గ్రూపు చెప్పాలి. సూది పట్టుకుంటే చాలు దాని చెయ్యి వణుకుతుంది. ఇప్పటిదాకా ఒక్క వేలూ గుచ్చలేదు. "బాబాయ్, నీ వేలియ్యవూ?" అని బతిమాలింది.

"వేలేమిటే, చెయ్యే తీసుకో! నేనూ ఆ చదువు వెలగబెట్టినవాణ్ణే. కప్ప గుండె తీసి ఉప్పునీళ్ళలో పెడితే గంటసేపు కొట్టుకుంది!"

"కప్పదైతే ఎవరు తీసినా కొట్టుకుంటుందటగా," అన్నాడు పక్కింటి దర్జీ.

"ఆగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేక గుండె తెచ్చారు. వారమైనా ఆగలేదు. మా ప్రొఫెసరు గోడ గడియారం తీసేసి దాన్నే తగిలించుకున్నాడు. ఇలా కాదని సర్కస్‌వాళ్ళు చచ్చిన ఏనుగు గుండె పంపారు. తొట్టిలో పెట్టి ఇలా వేలు ఆనించానో లేదో, ధడేల్! కిటికీ అద్దాలన్నీ రాలాయి, వీధిలో జనమంతా దాని తాళానికే అడుగులేశారు!"

"మరి ఏనుగు?" అన్నాను మెల్లగా.

"లేచొచ్చి నా గుండె నాకిమ్మంది వదినా! మళ్ళీ లోపల పెట్టి కుట్టిందెవరనుకున్నావు?"

"దారం ఏ నంబరో?" అన్నాడు దర్జీ.

చెయ్యే తీసుకోమన్నాడుగా, మా అమ్మాయి అప్పట్నుంచీ అతని మణికట్టు వదల్లేదు. రెండో చేత్తో సూది పొట్లం అందుకుని పంటితో చించింది.

"బాబాయ్, ఏనుగు గుండె నిమిషానికి ముప్పైసార్లు కొట్టుకుంటుందిట. నీది ఇందాక ఎనభై. పొట్లం చించాక నూట నలభై. కంగారుపడకు, ఎలుక దాకా రావడానికి ఇంకా చాలా ఉంది."

దర్జీ పడీపడీ నవ్వాడు. మా మరిది మొహాన నెత్తురు చుక్క లేదు. "వదినా, మంచినీళ్ళు," అన్నాడు కళ్ళు గట్టిగా మూసుకుని. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"నీకూ భయమేనా? నాకొక్కదానికే అనుకున్నాను," అంది అమ్మాయి. అలా అన్నాక దాని చెయ్యి వణకలేదు.

"గుచ్చవే తల్లీ, ఎంతసేపు?"

"ఎప్పుడో అయిపోయింది బాబాయ్."

మర్నాడు పొద్దున్నే, పరీక్షకి వెళ్ళేముందు దానికి ఇంకాస్త చెయ్యి తిరగాలని, ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కుని, దేవుణ్ణి తలుచుకుని, అమ్మాయి ముందు వేళ్ళు చాపాం. మా మరిది కట్టు కట్టిన వేలు పైకెత్తి, "కడివెడు లాగింది, కిక్కురుమంటే ఒట్టు!" అని అందరికీ ధైర్యం చెబుతున్నాడు. అతని నాడి మాత్రం ఎవరమూ పట్టుకోలేదు.