దొడ్డితలుపు

వైద్యుడు వెళ్ళిపోయేక ఆమె మంచం మీంచి భర్తతో అంది.

“ఆనకట్ట పూర్తయిన ఏడు, క్షీరాబ్ది ద్వాదశినాడు కందాబచ్చలి కూర తిన్నాను. అప్పట్నించేనండీ ఇది. దొడ్లోకి వెళ్ళాలనిపిస్తుంది, వెళ్తే ఏమీ రాదు.”

“కూర తప్పు కాదే. లోపల గడ్డ ఉందిట. అది ఒత్తుతుంటే అలా అనిపిస్తుందిట. మందు లేదన్నాడు.”

“అత్తయ్యగారు ఆముదం పట్టించి, వెళ్ళొచ్చిన ప్రతిసారీ నూతిదగ్గర స్నానం చేయించేరు. ఏమీ రాకపోయినా మడి పోతుందా అని మిమ్మల్ని అడిగేను.”

“శాస్త్రం చూసి చెబుతానన్నాను.”

“పుష్యమాసం చలిలో తడిబట్టతో ఎదురుచూసేను.”

“ఆ శాస్త్రం నేను చూడనేలేదే.”

“ఆ దొడ్డితలుపు తీసే ఉంచండి. మళ్ళీ వెళ్ళాలి.”

“వద్దు. మంచం పక్కన కుండ పెట్టేను. నేనే పారబోస్తాను.”

“మరి మీ మడో?”

ఆయన దొడ్డితలుపు మెల్లగా మూసేరు.